పాలలో దాగిన విషము: కొత్త సేద్యగాండ్ల ఇళ్ళలో పెరటి వైద్యము

1816 డిసెంబరు నెలలో థామస్ లింకన్ అనే రైతు భార్యతోను, ఇద్దరు పిల్లలతోను కెంటకీ నుండి బయలుదేరి, ఒహైయో నదిని దాటి, అప్పుడే రాష్ట్రముగా ఏర్పడిన ఇండియానాలోని అడవులలో ప్రవేశించాడు. ఆయనకు వడ్రంగము కూడా తెలుసు. లిటిల్ పిజన్ క్రీక్ అనే వాగు దగ్గర ఆయన ఎన్నుకొన్న చోటికి సరియైన బాట కూడా లేదు. ఆ చలికాలము వారు తలదాచుకొన్నది మూడు ప్రక్కల మాత్రమే గోడలున్న పాకలో అని చెప్పుదురు. నాల్గవ ప్రక్క గోడకు బదులు రాత్రింబవళ్ళు మండే నెగడు. పిల్లలలో పెద్దది సారా, తొమ్మిదేండ్ల పిల్ల. చిన్నవానికి ఏడేండ్లు నిండి ఎనిమిదవ ఏడు నడుస్తున్నది. వాని పేరు ఏబ్రహాం. తరువాత అమెరికా అధ్యక్షుడైన ఏబ్రహాం లింకన్ ఇతడే.

ఇటువంటి కుటుంబములు అప్పటికే వేలు. ఆ తరువాత లక్షలైనవి. ప్రభుత్వము అడవిని కొలిపించి, చెక్కలుగా విభజించి అమ్మేది. 1820 నాటి చట్టము ప్రకారము ఎకరమునకు కనీసపు ధర ఒక డాలరు 25 సెంట్లు. ఎనబది ఎకరములకు తగ్గకుండా కొనవలెను. ఆ నేల అంతకు ముందు ఖాళీగా ఉన్నది కాదు. షానీ, డెలావేర్, మియామీ మొదలైన తెగలవారు తరతరాలుగా అక్కడ వేటాడి, మొక్కజొన్న పండించుకొని బ్రతికినవారే. వారిని ఒడంబడికల పేరుతో కొంత, యుద్ధముతో కొంత పడమటికి నెట్టివేసిన తరువాతనే ఈ గొడ్డళ్ళు అడవిలో మ్రోగినవి. ఈ విషయమును ఇక్కడ గుర్తుంచుకొనుట అవసరము; ఎందుకంటే ఆ నేలలోని మొక్కలలో ఏది మందో, ఏది విషమో తెలిసినవారు వారే.

కొత్త సేద్యగాని మొదటి పని చెట్లను చంపుట. ఒక్కొక్క మహావృక్షమును నరికి పడవేయాలంటే రోజులు పట్టును. అందుచేత మాను చుట్టూ పట్టీవలె బెరడు ఒలిచి వదిలేవారు. ఆకులలో తయారైన ఆహారము వేళ్ళకు చేరే దారి తెగిపోవుటచేత చెట్టు క్రమముగా ఎండిపోయేది. ఆకులు రాలి ఎండ క్రిందికి దిగేది. ఎండిన మోళ్ళ మధ్యనే మొక్కజొన్న నాటేవారు. దుంగలు పేర్చి, సందులలో మట్టి మెత్తి ఇల్లు కట్టుకొనేవారు. కిటికీకి అద్దము లేదు. ఉంటే నూనె రాసిన కాగితము. పందులు అడవిలో రాలిన కాయలు తిని బలిసేవి. వాటిని చలికాలము మొదట్లో కోసి, ఉప్పు పట్టించి, పొగబెట్టి దాచుకొనేవారు. ఆవు మెడకు గంట కట్టి ఉదయమున అడవిలోకి తోలితే, సాయంత్రము గంట చప్పుడును బట్టి వెదకి తెచ్చుకొనేవారు.

ఇక్కడ ఒక సంగతి గమనించవలెను. కంచె చేనుకే గాని పశువులకు లేదు. నిలువుగా చీల్చిన కర్రలను అడ్డదిడ్డముగా పేర్చి మొక్కజొన్న చేను చుట్టూ దడి కట్టేవారు. లింకన్ ఎన్నికల కాలములో ఆయనకు కర్రలు చీల్చేవాడనే బిరుదు వచ్చినది ఈ పనిని బట్టే. దడి లోపల పైరు క్షేమము, దడి వెలుపల పశువు స్వేచ్ఛ. ఈ ఏర్పాటు వలన ఎన్ని ప్రాణములు పోయినవో ముందు చూడగలము.

ఆ ఇంటిలో ప్రతి వస్తువు ఇంటిలోనే తయారు కావలెను. ఉదాహరణకు సబ్బు. పొయ్యిలోని కట్టె బూడిదను అడుగున చిల్లులున్న పీపాలో నింపి, పైనుండి వాన నీరు పోసేవారు. క్రిందికి ఊరిన గోధుమ రంగు తేటలో పొటాషియం కార్బొనేట్ వంటి క్షారములుండును. ఈ తేట తగినంత చిక్కబడినదో లేదో తెలిసికొనుటకు దానిలో కోడిగ్రుడ్డు వేసేవారు. గ్రుడ్డు మునిగిపోతే ఇంకా పలుచగా ఉన్నట్లు. తేలి, నాణెమంత భాగము పైకి కనిపిస్తే సరిపోయినట్లు. ఇది ద్రవముల సాంద్రతను కొలిచే సాధనము కాక మరేమిటి! ఆ తేటలో పంది కొవ్వు వేసి కాచితే మెత్తటి పొటాష్ సబ్బు వచ్చేది. మన దేశములో చవుడు మన్ను, కుంకుడుకాయ చేసిన పనినే అక్కడ బూడిద, కొవ్వు కలిసి చేసినవి.

అదే బూడిద తేట వంటింటిలో ఇంకొక గొప్ప పని చేసేది. మొక్కజొన్న గింజలను దానిలో ఉడికించి, పొట్టు పోయేలాగ కడిగి, హామినీ అనే వంటకము చేసేవారు. ఈ పద్ధతి అక్కడి ఆదివాసులనుండి నేర్చినదే. పొట్టు వదులుట కోసమే ఇలాగ చేస్తున్నామని ఆ ఇల్లాలు అనుకొనేది. నిజమునకు మొక్కజొన్నలో బంధింపబడియున్న నయాసిన్ అనే విటమిన్ క్షారము వలన విడివడి శరీరమునకు అందును. అది అందకపోతే పెల్లాగ్రా అనే వ్యాధి వచ్చి, చర్మము మాడినట్లై, విరేచనములు, మతి భ్రమణము కలుగును. ఈ పద్ధతిని విడిచి, మర పిండినే నమ్ముకొన్న దక్షిణ రాష్ట్రముల పేదలకు ఇరువదవ శతాబ్ది ఆరంభములో ఈ వ్యాధి విపరీతముగా వచ్చినది. హైదరాబాదు పరిసరములలో జొన్న తినే పేదలలోను ఇదే వ్యాధిని సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకాంతయ్యలు పరిశీలించి, జొన్నలో హెచ్చుగా ఉండే లూసిన్ దీనికి కొంత కారణమని 1960 లో సూచించారు.

ఇక రోగము వస్తే ఏమి చేసేవారు? "పెరటి చెట్టు మందుకు పనికిరాదు" అని మన సామెత. ఆ అడవిలో పెరటి చెట్టు తప్ప వేరే మందు లేదు. వైద్యుడు ఇరువది, ముప్పది మైళ్ళ దూరములో ఉండేవాడు. పొయ్యి పైన దూలములకు వ్రేలాడే ఎండు మొక్కల కట్టలే ఔషధశాల. తల్లి నుండి కూతురికి, ఇరుగు నుండి పొరుగుకు వచ్చిన జ్ఞానమే వైద్యశాస్త్రము. చదువు వచ్చిన ఇళ్ళలో బైబిలు ప్రక్కన ఒక గృహవైద్య గ్రంథముండేది. స్కాట్లండులో విలియం బకన్ 1769 లో ప్రచురించిన గృహవైద్యము సముద్రము దాటి వచ్చినది. టెనెసీ రాష్ట్రములోని నాక్స్‌విల్‌లో జాన్ గన్ అనే వైద్యుడు 1830 లో ఈ కొత్త సేద్యగాండ్ల కోసమే, పండిత భాష విడిచి, తెలిసిన మాటలలో వ్రాసిన పుస్తకము అనేక ముద్రణలు పొందినది.

ఈ మందులలో కొన్నిటిని నేటి రసాయనశాస్త్రము సమర్థించును. స్లిప్పరీ ఎల్మ్ అనే చెట్టు లోపలి బెరడును నీటిలో నానవేస్తే జిగురు వచ్చును. గొంతు మంటకు దానిని త్రాగించేవారు. ఆ జిగురు గొంతు లోపలి పొరపై పూతవలె పరచుకొని ఉపశమనము కలిగించునన్నది నిజమే. బ్లాక్‌బెర్రీ వేరు కషాయము విరేచనములకు ఇచ్చేవారు. దానిలోని టానిన్ల వంటివే మన దానిమ్మ తొక్కలోను కలవు. విల్లో బెరడులోని సాలిసిన్ జ్వరమును, నొప్పిని తగ్గించును; ఎడ్వర్డ్ స్టోన్ అనే ఇంగ్లీషు మతాచార్యుడు 1763 లోనే దానిని గురించి ప్రకటించాడు. గోల్డెన్‌సీల్ అనే పచ్చని వేరు నోటిపూతకు, కండ్ల జబ్బులకు వాడేవారు. దాని పసుపు రంగు బెర్బెరిన్ అనే పదార్థము వలన వచ్చినది. మన మానుపసుపుకు రంగునిచ్చేది కూడా అదే. దగ్గుకు తేనె ఇచ్చుట నేటి వైద్యులు కూడా ఒప్పుకొన్నదే. ఐతే ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టరాదు. దానిలో ఉండగల సూక్ష్మజీవి బీజములు పసివాని ప్రేగులలో పెరిగి, బొటులిజం అనే ప్రాణాంతకమైన వ్యాధిని కలిగించవచ్చును. ఈ హెచ్చరిక నాటి తల్లులకు తెలియదు.

వసంతము రాగానే "రక్తశుద్ధి" అని లేత ఆకుకూరలు ఏరి తెచ్చి వండేవారు. రక్తము మలినమగుట అనే సిద్ధాంతము తప్పు. ఆకుకూర తినుట మాత్రము ఒప్పు. నాలుగైదు నెలలు ఉప్పు మాంసము, మొక్కజొన్న రొట్టె మాత్రమే తిన్న శరీరమునకు విటమిన్-సి కావలసివచ్చేది. చిగుళ్ళు వాచి రక్తము కారే స్కర్వీ లక్షణములు ఆ పచ్చని ఆకుతో తగ్గిపోయేవి. సిద్ధాంతము తప్పైనా చికిత్స ఫలించుట వైద్యచరిత్రలో తరచుగా కనిపించును. దీనికి ఎదురు ఉదాహరణ కూడా అదే ఋతువులో త్రాగే సాసాఫ్రాస్ వేరు తేనీరు. సువాసనగా ఉండి, అందరికీ ఇష్టమైన ఈ పానీయములోని సాఫ్రోల్ అనే తైలము ఎలుకలలో కాలేయపు కాన్సరు కలిగించునని తేలి, 1960 లో అమెరికా ప్రభుత్వము దానిని ఆహార పదార్థములలో నిషేధించినది. నూరేళ్ళు త్రాగినవారెవరికీ ఆ హాని కంటికి కనిపించలేదు. వెంటనే కలిగే ఫలితమును పల్లెటూరి అనుభవము చక్కగా పసిగట్టగలదు. ఇరువది ఏండ్ల తరువాత వచ్చేదానిని పట్టుకొనుటకు దానికి సాధనము లేదు.

కాన్పుల విషయములో మంత్రసానులే దిక్కు. మెయిన్ ప్రాంతములోని మార్తా బాలర్డ్ అనే మంత్రసాని 1785 నుండి 1812 వరకు ప్రతిదినము దినచర్య వ్రాసినది. నది గడ్డకట్టిన రాత్రులలో కూడా వెళ్ళి ఆమె చేసిన కాన్పులు 816. తోటలో తాను పెంచిన మొక్కల పేర్లు, నేసిన బట్ట, పండిన కూర, చనిపోయిన బిడ్డ అన్నీ ఆ పుటలలో ఒకే స్వరములో కనిపించును. కొత్త సేద్యగాండ్ల స్త్రీల జీవితము గూర్చి ఇంతకంటె నమ్మదగిన సాక్ష్యము అరుదు.

చదువుకొన్న వైద్యుడు అందుబాటులో లేకపోవుట ఆ కాలములో ఒక్కొక్కప్పుడు అదృష్టమే. 1830 ప్రాంతపు వైద్యుని సంచిలో ముఖ్యమైనవి రెండు: నరము కోసి రక్తము తీసే కత్తి, కాలొమెల్ అనే పాదరస లవణము. జ్వరముతో నీరసించినవాని రక్తము గిన్నెల కొలది తీసేవారు. కాలొమెల్‌ను నోట చొంగ కారేవరకు ఇచ్చేవారు. చొంగ కారుట మందు పనిచేసినదనుటకు గుర్తు అనుకొనేవారు; నిజానికది పాదరస విషమునకు గుర్తు. చిగుళ్ళు కుళ్ళి పళ్ళు ఊడినవారు ఎందరో. దీనిపై ప్రజలకు కలిగిన ఏవగింపు వల్లనే శామ్యూల్ తామ్సన్ అనే రైతు బిడ్డ ప్రసిద్ధుడైనాడు. లొబీలియా అనే వాంతి మందు, మిరపకాయ, ఆవిరి స్నానము కలిపిన తన పద్ధతికి ఆయన 1813 లో పేటెంటు పొంది, ఇరువది డాలర్లు చెల్లించిన కుటుంబమునకు దానిని వాడుకొనే హక్కు అమ్మేవాడు. ఇది కూడా శాస్త్రము కాదు. రక్తము తీయలేదు, పాదరసము ఇవ్వలేదు. దాని గొప్ప అంతే.

కొత్త నేలలో అందరినీ పట్టి పీడించినది చలిజ్వరము. ఒహైయో, మిసిసిపీ లోయలలో వాగుల ఒడ్డున, బురద నేలలలో ఇల్లు కట్టుకొన్న ప్రతి కుటుంబమునకు రోజు విడిచి రోజు గడియారము కొట్టినట్లు వణుకు, జ్వరము, చెమట. దానిని జబ్బుగా కూడా లెక్కించేవారు కారు. వణుకు వచ్చే వేళ తప్పించి పొలము పని, వంట పని పెట్టుకొనేవారు. దీనికి బోన్‌సెట్ అనే చేదు ఆకు కషాయము త్రాగేవారు. చెమట పట్టేదే గాని జ్వరము మరల వచ్చేది. నిజమైన మందు దక్షిణ అమెరికాలోని సింకోనా బెరడులో ఉన్నది. 1820 లో పారిస్‌లో పెలెటియే, కావెంతూ అనే రసాయనజ్ఞులు దానినుండి క్వినైన్ వేరుచేశారు. మిసోరీలో జాన్ సాపింగ్టన్ అనే వైద్యుడు దానితో మాత్రలు చేయించి 1832 నుండి ఊరూర అమ్మించాడు. రక్తము తీయుటను ఆయన గట్టిగా వ్యతిరేకించాడు. ఆశ్చర్యమేమనగా 1844 లో ఒక గ్రంథము వ్రాసి తన మాత్ర రహస్యమును తానే బయటపెట్టాడు. ఒక గ్రెయిన్ క్వినైన్, కొంచెము అతిమధురము, బోళము, వాసనకు సాసాఫ్రాస్ తైలము, అంతే. రహస్యపు మందులతో ధనవంతులైనవారు నిండిన ఆ కాలములో ఇది చిన్న విషయము కాదు.

ఆ చలిజ్వరము ఎలాగ వచ్చునో తెలియుటకు ఇంకొక అర్ధశతాబ్దము పట్టినది. చెడుగాలి వలన అని అందరూ అనుకొనేవారు. రక్తములోని సూక్ష్మజీవిని 1880 లో లావెరాన్ చూచాడు. దోమ కడుపులో ఆ జీవి పెరుగుటను రొనాల్డ్ రాస్ మన సికిందరాబాదులోని బేగంపేటలో 1897 ఆగస్టు 20 వ తేదీన కనుగొన్నాడు. ఇండియానా రైతు వణుకునకు కారణము ఈ విధముగా తెలుగు నేలపై తేలినది.

చలిజ్వరము మనిషిని పీల్చి పిప్పి చేసినా తరచుగా ప్రాణము మిగిల్చేది. దానికంటె భయంకరమైనది ఇంకొకటి ఆ అడవులలో పొంచియున్నది. దానికి సేద్యగాండ్లు పెట్టిన పేరు పాల జబ్బు.

1818 ఎండాకాలము చివర లిటిల్ పిజన్ క్రీక్ ప్రాంతములో పశువులు వణకసాగినవి. కాళ్ళు బిగిసి, తూలి, పడి చచ్చేవి. వెనువెంటనే మనుషులు. మొదట నీరసము, ఆకలి లేకపోవుట. తరువాత కడుపునొప్పి, ఆగని వాంతులు, తీరని దాహము, మలబద్ధము. ఊపిరిలో ఒక వింత వాసన. ఆపైన మగత, కదలిక లేని నిద్ర, మరణము. లింకన్ల దగ్గరకు ఏడాది క్రితమే వచ్చి చేరిన బంధువులు థామస్, ఎలిజబెత్ స్పారో దంపతులు ఇద్దరూ పోయారు. పొరుగున రోగులకు ఉపచారము చేసిన లింకన్ తల్లి నాన్సీ మంచము పట్టి, అక్టోబరు 5 న కన్నుమూసినది. ఆమెకు అప్పటికి ముప్పది అయిదేండ్లు కూడా దాటలేదు. థామస్ లింకన్ పలకలు కోసి శవపేటికలు తయారుచేశాడు. వాటికి కావలసిన చెక్క మేకులు తొమ్మిదేండ్ల ఏబ్రహాం చెక్కి ఇచ్చాడని ఆ కుటుంబములోని కథనము.

ఈ వ్యాధికి పెరటి మందు ఏదీ పనిచేయలేదు. వైద్యుని మందు కూడా పనిచేయలేదు. రోగి బలము కోసము తల్లులు ఇచ్చినది ఏమిటి? పాలు. వెన్న. ఇంటిలో ఉన్న వాటిలోకెల్ల ఉత్తమమైన ఆహారము. ఇంతకంటె విషాదము ఊహించుట కష్టము.

పాలకు దీనితో సంబంధమున్నదని మాత్రము రైతులు త్వరలోనే పసిగట్టారు. పేరే దానికి సాక్ష్యము. ఆవు మేసిన దానిలో ఏదో ఉన్నది, కాని ఏది? తెల్లవారుజామున మంచులో విషమున్నదన్నారు కొందరు. నేలలోని పాషాణమన్నారు కొందరు. సాలెగూళ్ళన్నవారూ ఉన్నారు. కొన్ని రాష్ట్రముల శాసనసభలు కారణము కనిపెట్టినవారికి బహుమానములు ప్రకటించినవి. భయపడి ఊళ్ళకు ఊళ్ళే లేచిపోయినవి. 1830 లో లింకన్ కుటుంబము ఇల్లినాయికి తరలిపోవుటకు ఈ వ్యాధి భయము కూడా ఒక కారణము.

ఇల్లినాయి దక్షిణ భాగములోని హార్డిన్ కౌంటీలో అన్నా పియర్స్ హాబ్స్ అనే స్త్రీ మంత్రసానిగా, ఇంటింటి వైద్యురాలిగా పనిచేసేది. తరువాత ఆమెను అన్నా బిక్స్‌బీ అని పిలిచారు. జబ్బు ఎండాకాలపు చివర మొదలై, గట్టి మంచు పడగానే ఆగిపోవుట ఆమె గమనించినది. అంటే మంచుకు చచ్చే మొక్కే కారణము కావలెను. అడవిలో ఆవుల వెంట తిరిగి అవి ఏమి మేస్తున్నవో చూచినది. ఆ తిరుగాటలో ఒక వృద్ధ షానీ స్త్రీ ఎదురై ఆ మొక్కను చూపినదని స్థానిక కథనము. ఒక దూడకు ఆ ఆకు మేపగా అది వణకుతూ పడిపోయినది. ఊరివారందరిని కూడగట్టి ఆ మొక్కను వేళ్ళతో పీకించినది. ఇదంతా 1830 ప్రాంతపు మాట. కథలో జానపదుల కల్పన కొంత ఉండవచ్చును. ఆలోచన సాగిన తీరు మాత్రము శుద్ధమైన ప్రయోగశాస్త్రము. ఐనా ఆమె మాట ఏ వైద్యపత్రికకూ ఎక్కలేదు.

ఒహైయోలో జాన్ రో అనే రైతు కూడా 1838 ప్రాంతమున పశువులకు మేపి చూచి అదే మొక్కను వేలెత్తి చూపాడు. సిన్సినాటి నగరములో డేనియల్ డ్రేక్ అనే వైద్యుడు ఆ కాలములో ఆ ప్రాంతపు వ్యాధుల గూర్చి అందరికంటె హెచ్చు తెలిసినవాడు. 1841 లో ఈ వ్యాధిపై వ్రాస్తూ, ఆయన ఆ రైతు మాటను ఒప్పుకొనక వేరొక మొక్కను అనుమానించాడు. డ్రేక్‌ను అహంకారి అనుట సులభమే గాని న్యాయము కాదు. ఈ మొక్క విషము అన్ని చోట్ల ఒకే పాళ్ళలో ఉండదు. ఎండిన మొక్కలో తగ్గిపోవును. ఒకరు మేపితే పశువు చచ్చేది, మరొకరు మేపితే బ్రతికేది. అందుచేత తగవు డెబ్బది ఏండ్లు తెగలేదు. సూక్ష్మజీవుల యుగము రాగానే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ వ్యాధికి కూడా ఒక సూక్ష్మజీవిని కారణముగా చూపారు. అదీ నిలువలేదు.

మొక్క పేరు వైట్ స్నేక్‌రూట్. తెల్ల పామువేరు అని దాని అర్థము. బంతి, పొద్దుతిరుగుడు కుటుంబమునకు చెందినది. నడుము ఎత్తు పెరిగి, రంపపు పండ్ల అంచులున్న ఆకులతో, ఎండాకాలము చివర తెల్లని చిన్న పూగుత్తులతో అడవి నీడలో అందముగా ఉండును. పాముకాటుకు వాడే వేరని అలాగ పిలిచారు; ఆ పేరుతో అక్కడ ఇంకా ఎన్నో మొక్కలున్నవి. వాటిలో ఏదీ పాము విషమును విరుగగొట్టలేదు. మన సర్పగంధను కూడా ఇంగ్లీషులో ఇండియా పామువేరనియే అందురు. 1952 లో దానినుండి రిసర్పిన్ తీసి వాడినది రక్తపుపోటుకు గాని పాముకాటుకు కాదు. ఇంకొక విచిత్రము: చలిజ్వరమునకు కషాయము కాచుకొన్న బోన్‌సెట్, ప్రాణము తీసిన ఈ పామువేరు దగ్గరి చుట్టములు. వృక్షశాస్త్రజ్ఞులు చాలాకాలము ఈ రెంటినీ యుపటోరియం అనే ఒకే ప్రజాతిలో ఉంచారు. "మొక్కల మందు గనుక హాని లేదు" అనేవారికి ఈ ఒక్క కుటుంబమే చాలిన జవాబు.

ఒహైయోలో ఉపాధ్యాయుడుగా ఉన్న ఎడ్విన్ లింకన్ మోస్లీ వరుసగా పశువులకు మేపి చూచి, 1906 లో ఈ మొక్కే కారణమని ప్రకటించాడు. అమెరికా వ్యవసాయశాఖలో పనిచేసిన జేమ్స్ కౌచ్ అనే రసాయనజ్ఞుడు 1920 ల చివర దాని విషమును వేరుచేసి ట్రిమెటాల్ అని పేరు పెట్టాడు. వణుకు అనే మాటనుండి ఈ పేరు పుట్టినది. న్యూ మెక్సికో వంటి పొడి ప్రాంతములలో పామువేరు లేకపోయినా ఇటువంటి వ్యాధి ఉండుట అంతవరకు చిక్కుముడి. అక్కడి రేలెస్ గోల్డెన్‌రాడ్ అనే వేరొక మొక్కలో కూడా ఇదే విషమును కౌచ్ చూపుటతో ఆ ముడి విడిపోయినది. ట్రిమెటాల్ ఒకే పదార్థము కాదనీ, ట్రిమెటోన్ మొదలైన కొన్నిటి మిశ్రమమనీ 1960 ల రసాయన పరిశోధనలలో తేలినది.

ఈ విషము శరీరములో పిండిపదార్థము సక్రమముగా దహనము కాకుండా అడ్డుపడును. అప్పుడు శరీరము కొవ్వును కరగించుకొనును. కీటోనులు, ఆమ్లములు రక్తములో పెరుగును. మధుమేహము ముదిరి స్పృహ తప్పినవారి ఊపిరిలో వచ్చే అసిటోన్ వాసన వంటిదే ఈ రోగుల ఊపిరిలోని వింత వాసన. పాలిచ్చే ఆవు శరీరమునుండి విషము పాలతోబాటు వెలుపలికి పోవును. కాబట్టి ఆవుకు పెద్దగా జబ్బు కనిపించకముందే పాలు త్రాగిన దూడ, బిడ్డ పడిపోవుదురు. పాలు కాచినంత మాత్రమున ఇది పోదు. వర్షములు లేని ఏట అడవి అంచున గడ్డి ఎండిపోగా, కంచె లేని ఆవు పచ్చదనము వెదకుతూ లోపలి నీడలోకి పోయి ఈ మొక్కను మేసేది. 1818 లో జరిగినదానికి వివరణ ఇది.

ఐతే కౌచ్ విషమును సీసాలో పెట్టేనాటికి పాల జబ్బు చాలావరకు తగ్గిపోయినది. వైద్యులు దానిని జయించలేదు. అడవులు పొలములైనవి, 1874 తరువాత ముళ్ళతీగ చవుకగా దొరికి పశువుల చుట్టూ కంచెలు లేచినవి, గడ్డి విత్తిన బీళ్ళు ఏర్పడినవి. పట్టణములలో అనేక ఆవుల పాలు ఒకచోట కలియుటచేత, ఒక ఆవు పాలలో విషమున్నా పలుచబడిపోయినది.

ఆ విషమును వేరుచేసిన వ్యవసాయశాఖను స్థాపించే చట్టముపై 1862 మే 15 న సంతకము చేసినది అధ్యక్షుడైన లింకనే. అయిదు రోజుల తరువాత, మే 20 న, ఆయనే హోమ్‌స్టెడ్ చట్టముపై సంతకము చేశాడు. స్వల్పమైన రుసుము చెల్లించి, అయిదేండ్లు ఇల్లు కట్టుకొని సాగుచేసినవారికి 160 ఎకరములు ఉచితము. 1863 జనవరి 1 న నెబ్రాస్కాలో మొట్టమొదట పేరు నమోదు చేయించుకొన్న డేనియల్ ఫ్రీమన్ ఒక వైద్యుడే. 1976 లో ఆ చట్టమును రద్దుచేసేలోపల (అలాస్కాలో ఇంకొక పదేండ్లు సాగినది) సుమారు 16 లక్షల మందికి 27 కోట్ల ఎకరములు సంక్రమించినవి. చెట్టు లేని ఆ మైదానములలో పచ్చిక గడ్డలు పేర్చి ఇళ్ళు కట్టి, మన పిడకలవలె ఎండిన పేడతో వంట చేసుకొన్నారు. అక్కడి ఆదివాసులు వాడే ఎకినేసియా వేరును నేర్చుకొన్నారు. అది నేటికీ జలుబు మందుగా అంగళ్ళలో అమ్ముడగుచున్నది; దానిపై జరిగిన పరీక్షల ఫలితములు మాత్రము ఒకదానితో ఒకటి పొసగవు.

పాల జబ్బు పూర్తిగా అంతరించలేదు. 1963 లో సెంట్ లూయిస్ నగరపు వైద్యులు ఇద్దరు పసిబిడ్డలలో దానిని గుర్తించి, రక్తములోని ఆమ్లమునకు విరుగుడుగా సోడియం బైకార్బొనేట్ ఇచ్చి బ్రతికించారు. నగర జీవితము విడిచి, చిన్న పొలము కొని, ఒకటి రెండు ఆవులో మేకలో పెంచుకొని, ఆ పాలే త్రాగే కొత్త సేద్యగాండ్లు అమెరికాలో ఇప్పుడు మరల కనిపించుచున్నారు. వారి ఇంట పాలు వేరే పాలతో కలియవు. అందుచేత అక్కడి వ్యవసాయ సలహాదారులు ఎండాకాలము ముగియకముందే అడవి అంచులు వెదకి, తెల్లని పూగుత్తులున్న ఆ మొక్కను వేళ్ళతో పీకివేసి, పశువులను కంచె లోపలనే ఉంచవలసినదిగా చెప్పుచున్నారు.